పనికిరాని తీగ అనొద్దు

ఈసారి గోడపత్రికలో సముద్రం ఒడ్డున పూసే ఒక తీగ గురించి రాస్తున్నాను. కొత్తగూడేనికి సముద్రమెక్కడిది అని నవ్వకండి. మన కిన్నెరసాని గోదాట్లో కలుస్తుంది, గోదారి సముద్రంలో కలుస్తుంది. నీళ్లతోపాటు మన మట్టీ, ఇసుకా అక్కడికే పోతాయి.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మామయ్య నన్ను అంతర్వేదికి తీసుకుపోయాడు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. అలలు కనపడగానే ఉరికాను. కాలికి ఏదో తీగ తగిలి బోర్లా పడ్డాను. కోపమొచ్చి దాన్ని పట్టి పీకాను. లాగినకొద్దీ వస్తూనే ఉంది, కణుపు కణుపుకీ వేళ్లు! అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక తాత, "పీకకు బాబూ, అది బాలబంద తీగ. అదుంటేనే ఇసక నిలబడుద్ది" అన్నాడు.

దాని ఆకు చివర చీలి అచ్చం మేక డెక్కలా ఉంటుంది. బడికొచ్చాక జీవశాస్త్రం సారునడిగితే, శాస్త్రంలో దాని పేరు ఐపోమియా పెస్-కాప్రే అనీ, పెస్-కాప్రే అంటే లాటిన్ భాషలో మేక పాదమనీ చెప్పారు. పువ్వు ఊదా గులాబీ రంగులో గరాటులా ఉంటుంది. పొద్దున విచ్చుకుని ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. గింజలు ఉప్పునీళ్లలో తేలుతూ పోయి ఎక్కడో దూరపు ఒడ్డున మొలుస్తాయి. అందుకే వేడి దేశాల తీరాల్లో చాలాచోట్ల ఇది ఉంది. దీనికి తోడు రావణాసురుడి మీసాలు అనే గడ్డి ఉంటుంది. ఆకులు సూదుల్లా గుచ్చుకుంటాయి. దాని గింజల బంతి ఎండాక గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది.

గాలికి లేచిన ఇసుక ఈ ఆకులకు తగిలి అక్కడే పడుతుంది. ఇసుక కప్పేస్తే తీగ మళ్లీ పైకి పాకుతుంది. అట్లా కొన్నేళ్లకు దిబ్బ అవుతుంది. 1977 నవంబర్ 19న దివిసీమలో, 1996 నవంబర్ 6న కోనసీమలో వచ్చినంత పెద్ద విపత్తును తీగ ఆపుతుందని నేను అనను. కానీ దిబ్బ ఉంటే మామూలు పోటుకు ఒడ్డు అంత తొందరగా కోసుకుపోదు. పైగా గోదావరి మీద ఆనకట్టలు కట్టాక సముద్రానికి చేరే మట్టి, ఇసుక తగ్గిపోయాయి. ఉన్నదాన్నైనా పట్టి ఉంచేది ఈ మొక్కలే.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ఆదివారం శ్రమదానంలో హాస్టల్ వెనక వాగు గట్టు మీది రెల్లు, గడ్డి, తీగలు అన్నీ పీకేశాం. అందరికన్నా ఎక్కువ పీకింది నేనే, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. తర్వాత వానలకు గట్టు విరిగి మన జామచెట్టు వాగులో పడింది. అందరూ వానను తిట్టారు. నేనూ తిట్టాను. అంతర్వేది పోయొచ్చాక తప్పు మనదని తెలిసింది.

పొదలుంటే పాములొస్తాయని వార్డెన్ గారు అంటారు. అది నిజమే. కాబట్టి గదుల చుట్టూ, బాత్‌రూముల దారిలో శుభ్రంగా పీకుదాం. గట్టు మీద మాత్రం వదిలేద్దాం. రాత్రిపూట అటు ఎవరూ పోకుండా ఉంటే సరిపోతుంది.

ఇప్పపువ్వు ఏరుకుంటాం, తింటాం, అమ్ముతాం. అందుకే ఇప్పచెట్టు మీద గొడ్డలి వేస్తే మన పెద్దలు ఊరుకోరు. తినడానికీ అమ్మడానికీ రాని మొక్కనైతే పిచ్చిమొక్క అంటాం. కాళ్ల కింద మట్టిని పట్టుకుని ఉండడం పని కాదా?

వచ్చే ఆదివారం కొడవలి పట్టేముందు వార్డెన్ గారు, పెద్ద తరగతుల అన్నలు ఈ మాట ఆలోచించాలని నా మనవి. కాదనేవాళ్లు వచ్చే సంచికలో రాయండి, చదువుతాను.

– 9వ తరగతి విద్యార్థి