తాళాలు చేసే చేతికి ఒక కాగితం

ఇంటి తాళంచెవి పోయిన రోజునే మనకు గుర్తొచ్చే మనిషి ఒకరున్నారు. మార్కెట్ మూలలోనో, బస్టాండు గోడ పక్కనో గొడుగు కింద కూర్చుంటాడు. ముందు ఒక చిన్న పెట్టె, తీగకు గుచ్చిన తాళంచెవులు, ఒక ఆకురాయి. పది నిమిషాల్లో మన పని అయిపోతుంది, డబ్బిచ్చి వచ్చేస్తాం. అక్కడ కూర్చోవడానికి ఆయనకు ఏ అనుమతి ఉందో మనం అడగం.

తాళాల పనికంటూ మన దేశంలో ప్రత్యేక లైసెన్సు లేదు. దుకాణం ఉన్నవారికి మునిసిపాలిటీ లైసెన్సు, దుకాణాల చట్టం కింద నమోదు ఉంటాయి, అంతే. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సస్ వంటి రాష్ట్రాల్లో మాత్రం వేలిముద్రలిచ్చి, నేరచరిత్ర పరిశీలన దాటితేనే ఈ పని చేయనిస్తారు. ఇక్కడా అలాగే చేయాలనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. తాళం బాగుచేస్తామని వచ్చి బీరువాలో బంగారం కాజేసిన వార్తలు చదివినవారికి ఆ భయం సహజమే. దాన్ని మేము కొట్టిపారేయడం లేదు.

కానీ వేలిముద్రల మాట వచ్చినప్పుడు తెలుగువారికి స్టువర్టుపురం గుర్తుకు రావాలి. బ్రిటిష్‌వారు 1871లో తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించిన నేరస్థ జాతుల చట్టం, పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగగా రాసిపెట్టింది. ఎరుకలవారిని ఉంచిన ఆ సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే క్రైస్తవులే. 1952లో చట్టం రద్దయింది గాని అనుమానం రద్దు కాలేదు. జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను, విముక్త జాతులపై వివక్ష చూపే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టివేసింది ఎప్పుడో కాదు, 2024 అక్టోబరులో. తాళాల పనికి లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు స్టేషన్‌కు అప్పగిస్తే ముందుగా గడప బయట నిలబడేది ఎవరో వేరే చెప్పాలా?

అలాగని కాగితం లేకుండా బతకడమూ క్షేమం కాదు. మహారాష్ట్ర పోలీసు చట్టం 122వ సెక్షన్ ప్రకారం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు, ఇళ్లు పగలగొట్టే పనిముట్లు సరైన కారణం లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. తాళాల పనివాడి సంచిలో ఉండేవి ఏమిటి? రాత్రి పది గంటలకు ఎవరో ఫోన్ చేసి తలుపు తీయమంటే వెళ్లి వస్తున్న మనిషి, ఆ కారణాన్ని ఏం చూపించి రుజువు చేసుకోవాలి?

చూపించగల కాగితం ఒకటి ఇప్పటికే చట్టంలో ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సరుకులు అమ్మేవారినే కాదు, వీధిలో ప్రజలకు సేవలు అందించేవారినీ వీధి వ్యాపారులుగానే గుర్తించింది. తాళాల పనివారు, చెప్పులు కుట్టేవారు, గొడుగులు బాగుచేసేవారు అందరూ అందులోకి వస్తారు. అయిదేళ్లకొకసారైనా సర్వే చేయాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. వేరే చోటికి పంపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పెట్టె పట్టుకుపోతే అందులో ఏమున్నాయో జాబితా రాసివ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. ఈ అనుమతి ఇచ్చేది పురపాలక సంస్థ, పోలీసులు కాదు. మాకు ముఖ్యమైనది అదే. తలుపు తీయించుకునేవారి గుర్తింపు కార్డు చూసి, పేరు, చిరునామా పుస్తకంలో రాసుకోవాలన్న నియమం కావాలంటే ఈ కమిటీయే పెట్టవచ్చు. నిజాయితీగా పనిచేసేవారు చాలామంది ఆ పని ఇప్పుడే చేస్తున్నారు.

రాసి ఉన్నది వేరు, చేతికందేది వేరు. ముంబైలో 2014 సర్వేలో దాదాపు 99,000 దరఖాస్తులు వస్తే అర్హులుగా తేలినవారు 15,000 పైచిలుకే. అక్కడ స్థానిక నివాస ధ్రువపత్రం కావాలి. కామాఠీపుర పేరులోనే తెలుగు కూలీల జాడ ఉంది. అయినా తాతల కాలం నుంచి అక్కడే ఉన్నవారి మనవడు కూడా ఆ పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. ఫారం మరాఠీలో ఉంటుంది. చెన్నైలో తమిళం, బరంపురంలో ఒడియా. ధర్మశాస్త్రోపదేశకులు జ్ఞానపు తాళంచెవిని ఎత్తుకుపోయారని యేసు ప్రభువు గద్దించిన సంగతి లూకా 11వ అధ్యాయంలో ఎన్నిసార్లు చదివామో! ఆ ఫారం ముందు నిలబడ్డ మనిషిని చూస్తే ఆ గద్దింపు అర్థమవుతుంది.

మన యువతకు ఆ భాషలు వచ్చు. బెంగళూరులో కన్నడ మాధ్యమంలో, సోలాపూర్‌లో మరాఠీ మాధ్యమంలో చదువుకున్న పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట మీ వీధి చివర గొడుగు దగ్గరికి వెళ్లండి. ఆయన ఏ మతమని అడగకండి. ఎన్నేళ్లుగా అక్కడ కూర్చుంటున్నాడో రాసుకోండి, తేదీ పడేలా పెట్టెతో సహా ఫోటో తీయండి, పాత జరిమానా రసీదులు ఉంటే పారేయవద్దని చెప్పండి. ఎందుకంటే ఆ చోట ఆయన ఉన్నాడని మునిసిపాలిటీయే రాసిచ్చిన రుజువులవి. సర్వేవారు వచ్చినప్పుడు వృత్తి గడిలో ‘ఇతరములు’ అని వదిలేయనివ్వకండి. ‘తాళాల పని’ అని రాయించండి.