ఇద్దరు పిల్లలు, ఒక బండి

విజయవాడ నుండి ఒక సోదరి మాకు లేఖ రాశారు. ఆమెకు మూడేళ్ల కుమారుడు, పది నెలల కుమార్తె ఉన్నారు. భర్త ఉదయం ఎనిమిదింటికి పనికి వెళితే రాత్రి తొమ్మిదింటికి గానీ ఇల్లు చేరరు. టీకాలకైనా, బజారుకైనా, పుట్టింటికైనా ఇద్దరినీ వెంటబెట్టుకొని ఆమె ఒంటరిగానే బయలుదేరవలసి వస్తోంది. చిన్నది చంకన ఉంటుంది, పెద్దవాడు చేయి విడిపించుకొని రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మరిది సెలవు మీద వస్తూ "భాభీ, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే బండి తెస్తాను" అన్నారట. దాని పేరు స్ట్రోలర్ వ్యాగన్. "తెమ్మని చెప్పనా, వద్దని చెప్పనా? ఆయన డబ్బు ఖర్చయ్యాక అది మా ఇంట్లో బట్టలు వేసుకునే బుట్టగా మిగిలిపోతే మనసుకు కష్టంగా ఉంటుంది" అని ఆమె అడిగారు.

ఈ విధమైన ప్రశ్న మాకు గల్ఫ్ నుండి, అమెరికా నుండి కూడా వస్తూ ఉంటుంది. అయితే అందరికీ ఒకే జవాబు చెప్పలేము. బండి మంచిదా కాదా అన్నది బండి మీద కన్నా అది తిరిగే నేల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఆ వస్తువేమిటో చూద్దాం. పసిపిల్లలను కూర్చోబెట్టి తోసే బండి పాతదే. 1733లో ఇంగ్లాండులో విలియం కెంట్ అనే వాస్తుశిల్పి డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం మేకపోతు లాగే చిన్న బండిని తయారు చేశాడని చెబుతారు. మన కాలపు మడత బండికి ఆద్యుడు ఓవెన్ మెక్లారెన్. యుద్ధ విమానాల చక్రాల అమరికలో అనుభవం గల ఇంజనీరు ఆయన. అల్యూమినియం గొట్టాలతో, గొడుగులా ముడుచుకొనే బండికి 1965లో పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. స్ట్రోలర్ వ్యాగన్ వంశం వేరు. అమెరికాలో పిల్లలు ఆడుకోవడానికి పిడి పట్టి లాగే నాలుగు చక్రాల పెట్టె బండి ఉండేది. ఆ పెట్టెకు బెల్టులు, ఎండకు కప్పు, బ్రేకు, వెనుక నుండి తోసే పిడి చేర్చి ఈ కొత్త బండిని చేశారు. ఇద్దరు మొదలు నలుగురు పిల్లల వరకు కూర్చోగలరు. సామాను కూడా పడుతుంది. ధర అక్కడ సుమారు 200 డాలర్ల నుండి 900 డాలర్ల దాకా ఉంటుంది.

ఇక లెక్క చూద్దాం. ఇద్దరు పిల్లల వ్యాగన్ ఖాళీగానే దాదాపు 15 నుండి 20 కిలోలు తూగుతుంది. పది నెలల పాప ఎనిమిది, తొమ్మిది కిలోలు, మూడేళ్ల బాబు పధ్నాలుగు కిలోలు, పాలసీసా, నీళ్లు, డైపర్లు, కూరగాయల సంచి మరో అయిదు కిలోలు. మొత్తం సుమారు 45 కిలోలు. నున్నని బాట మీద దీన్ని ఒక తల్లి చూపుడు వేలితో తోయవచ్చు. బందరు రోడ్డు పక్క వీధిలో, తవ్వి వదిలేసిన కాలువ ముందర, ఆ 45 కిలోలను ఆమె ఎలా దాటిస్తుంది? ఫుట్‌పాత్ ఉన్న చోట బండ్లు నిలిపి ఉంటాయి, లేని చోట నేరుగా వాహనాల మధ్యనే నడవాలి. ఈ సోదరి నివాసం మూడో అంతస్తు, లిఫ్టు లేదని రాశారు. అంటే పిల్లలను ఒకసారి, బండిని ఒకసారి దించాలి. ఆ మధ్యలో పిల్లలిద్దరూ కింద ఎవరి దగ్గర ఉంటారు? మాకు నిర్ణయం ఇక్కడే తేలిపోయింది.

అయినా ఇంకొంచెం చెప్పాలి. ఆటోలో ఆ బండి పట్టదు. కారు ఉన్నవారికైనా డిక్కీలో గ్యాస్ సిలిండరు ఉంటే మడిచిన వ్యాగన్‌కు చోటు మిగలదు. విమానం సంగతి కూడా ఉంది. అమెరికా నుండి వచ్చేవారికి సాధారణంగా ఒక్కో పెట్టెకు 23 కిలోల పరిమితి, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్ల కొలత పరిమితి ఉంటాయి. వ్యాగన్ అట్టపెట్టె చాలాసార్లు ఈ రెండో గీత దాటుతుంది. ఎయిర్‌లైన్స్‌ను ముందుగా అడగకుండా తెచ్చిన కానుకకు విమానాశ్రయంలో అదనపు సొమ్ము కట్టవలసి రావచ్చు.

కాబట్టి సోదరీ, మీ మరిదికి వ్యాగన్ వద్దని ప్రేమగా చెప్పండి. ఏదో ఒకటి తేవాలన్న ఆయన మనసును నొప్పించనవసరం లేదు. ఏడు కిలోల లోపు బరువుతో, ఒక చేత్తో ముడుచుకొనే ఒంటి స్ట్రోలర్ ఒకటి, పాపను ఛాతీకి కట్టుకునే గుడ్డ క్యారియర్ ఒకటి అడగండి. పెద్దవాడు బండిలో కూర్చుంటే పాప మీ ఒంటి మీద ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు పాప క్యారియర్‌లో, బండి భుజానికి, బాబు చేయి మీ చేతిలో. వాడు మారాం చేసిన రోజున కష్టమే, కానీ అసాధ్యం కాదు. క్యారియర్‌లో పాప ముఖం మీకు ఎప్పుడూ కనిపించాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. "చంకలో పిల్లవాణ్ణి పెట్టుకొని ఊరంతా వెతికినట్లు" అని మన సామెత. చంకకు ఒక గుడ్డ ఆసరా దొరికితే చాలా ఇళ్లలో సగం సమస్య తీరుతుంది.

అదే డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ముగ్గురు పిల్లలతో ఉన్న కుటుంబానికి మా జవాబు వేరు. ఇంటి గుమ్మం దగ్గరే కారు, పెద్ద డిక్కీ, చదునైన బాటలు, పార్కులు ఉన్న చోట వ్యాగన్ నిజంగా సుఖమిస్తుంది. పండుగ నాడు నమాజు పార్కింగ్ స్థలంలోనో మైదానంలోనో జరిగితే ముసల్లాలు, నీళ్లు, పిల్లలు అన్నీ ఒకే బండిలో వెళతాయి. అయితే అక్కడా కొన్ని తలుపులు మూసి ఉంటాయి. డిస్నీ పార్కులు 2019 మే 1 నుండి వ్యాగన్లను, అందులో స్ట్రోలర్ వ్యాగన్లను కూడా, లోనికి రానివ్వడం లేదు. సెలవుల కోసమే కొనేవారు ఈ సంగతి తెలుసుకొని కొనాలి.

జిద్దా, రియాద్ సోదరీమణులు కొందరు ఉమ్రా కోసం వ్యాగన్ తీసుకోవచ్చా అని అడుగుతున్నారు. తవాఫ్ రద్దీలో చక్రాలు ముందున్నవారి మడమలకు తగులుతాయి. వారు వృద్ధులైతే పడిపోయే ప్రమాదం ఉంది. మన సౌకర్యం మరొకరికి బాధ కాకూడదు. అక్కడి ఆంక్షలు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు కనుక్కోవడం అవసరం. మా అభిప్రాయంలో చిన్నపిల్లలకు అక్కడ గుడ్డ క్యారియరే మేలు, బండి హోటలు దాకానే.

కొనదలచినవారు బండి రంగు కన్నా ముందు బెల్టు చూడాలి. రెండు భుజాలు, రెండు నడుము వైపులు, కాళ్ల మధ్య ఒకటి, ఇలా అయిదు చోట్ల పట్టే బెల్టు ఉత్తమం. కాళ్ల మధ్య పట్టీ లేకపోతే బిడ్డ కిందికి జారి, మెడ పైబెల్టుకు చిక్కుకోవచ్చు. పెట్టె లోతుగా ఉంది కదా, పడరులే అని బెల్టు కట్టకుండా వదిలేసే తల్లిదండ్రులు చాలామంది. మూడేళ్లవాడు ఆ లోతులో నిలబడి అంచు మీదికి వంగితే తల బరువే వాణ్ణి కిందికి లాగుతుంది. అమెరికాలో తోసే బండ్లకు ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్833, ఐరోపాలో ఇ.ఎన్. 1888 అనే ప్రమాణాలు ఉన్నాయి. అట్టపెట్టె మీద ఈ అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. ఉత్త తోట బండికి బెల్టు కుట్టి వ్యాగన్ అని అమ్మేవి కూడా ఉన్నాయి.

తరువాత బ్రేకు. ఒక్క కాలి నొక్కుతో వెనుక చక్రాలు రెండూ బిగుసుకోవాలి. దుకాణంలో నున్నని నేల మీద కాక, బయట వాలు మీద నిలిపి, కాస్త బరువు పెట్టి చూడండి. అమ్మేవారు విసుక్కున్నా ఫరవాలేదు. లాగే పిడిని అవసరానికి మాత్రమే వాడాలి. లాగేటప్పుడు పిల్లలు మన వీపు వెనుక ఉంటారు, నోట్లో ఏం పెట్టుకున్నారో కనబడదు.

ఆరు నెలలు నిండి, ఆసరా లేకుండా కూర్చోగల బిడ్డకే ఈ కూర్చునే పెట్టె పనికివస్తుంది. ఏడాది నిండాలని చెప్పే తయారీదారులూ ఉన్నారు, వారు రాసింది చదవాలి. అంతకన్నా చిన్నవారు కూర్చున్న భంగిమలో నిద్రపోతే తల ముందుకు వాలి ఊపిరికి అడ్డు పడవచ్చు. అమెరికా శిశువైద్యుల అకాడమీ కారు సీట్లను, స్ట్రోలర్లను నిత్యం నిద్రపుచ్చే స్థలాలుగా వాడవద్దని, ముఖ్యంగా నాలుగు నెలల లోపువారికి, చెబుతోంది. దారిలో కునుకు తీస్తే గమనిస్తూ ఉండి, ఇంటికి రాగానే చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పవలసినది దుపట్టా గురించి. ఎండ తగలకుండా, దిష్టి తగలకుండా బండి మీద దుపట్టా కప్పడం మనవారికి అలవాటు. 2014లో స్వీడన్‌లోని స్వెన్స్కా డాగ్‌బ్లాడెట్ పత్రిక ఒక పరీక్ష చేసింది. గుడ్డ కప్పనప్పుడు బండిలో 22 డిగ్రీలు ఉండగా, పలుచని గుడ్డ కప్పాక అరగంటకు 34 డిగ్రీలు, గంటకు 37 డిగ్రీలు అయింది. అది స్వీడన్ ఎండ. కర్నూలులో, కడపలో ఏప్రిల్ నెల ఎండ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర లేదు. గాలి ఆగిపోవడమే దీనికి కారణం. కప్పు నీడ ఇవ్వాలి గాని నాలుగు వైపులా మూయకూడదు. వ్యాగన్ లోతైన పెట్టె కనుక, గాలి ఆడే జాలీ గోడలు ఉన్నదే తీసుకోవాలి. దిష్టికి దుఆ చాలు.

పొగ సంగతి ఇంకొకటి. వాహనాల పొగ నేలకు ఒక మీటరు ఎత్తు లోపల దట్టంగా ఉంటుంది, బండిలోని పిల్లల ముక్కు సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇంగ్లాండులోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో, బండిలోని పసివారు పెద్దల కన్నా 60 శాతం వరకు ఎక్కువ కలుషితమైన గాలి పీల్చవచ్చని తెలిపారు. వ్యాగన్ సీటు చాలా స్ట్రోలర్ల కన్నా దిగువన ఉంటుంది. సిగ్నలు దగ్గర బస్సుల వెనుక నిలబడకుండా రెండడుగులు వెనుకనే ఆగడం, వీలైతే లోపలి వీధి పట్టుకొని వెళ్లడం మనం చేయగలిగిన పనులు.

చక్రాల విషయం త్వరగా ముగిద్దాం. చిన్న ప్లాస్టిక్ చక్రాలు దుకాణాల నేలకు తప్ప మన వీధులకు పనికిరావు. గాలి నింపే రబ్బరు చక్రాలు మెత్తగా నడుస్తాయి, పంచరు కూడా అవుతాయి. గట్టి నురుగు నింపిన పెద్ద చక్రాలు మధ్యస్థం. ఒంటి స్ట్రోలర్ పిడికి కూరగాయల సంచి తగిలిస్తే, బిడ్డను దించిన మరుక్షణం బండి వెనక్కి పడుతుంది. సంచి కింది బుట్టలోనే పెట్టండి.

బంధువుల ఇంట్లో వాడని బండి ఉంటే అడిగి తీసుకోవడం నామోషీ కాదు. రెండేళ్లు వాడి మూలన పెట్టే వస్తువు మీద నెల జీతం పోయడం దుబారాయే. కాని పాత బండిని చూడకుండా వాడకూడదు. 2009 నవంబరులో మెక్లారెన్ కంపెనీ అమెరికాలో అమ్మిన సుమారు పది లక్షల మడత బండ్లకు మడత కీలు మీద తొడుగులు పంపవలసి వచ్చింది. ఆ కీలులో పడి పిల్లల వేళ్ల కొనలు తెగిన ఘటనలు 12 నమోదయ్యాయి. కనుక బండిని విప్పేటప్పుడు, ముడిచేటప్పుడు పిల్లలను రెండడుగుల దూరంలో నిలబెట్టండి. పాత బండి మోడల్ పేరును ఉపసంహరణ జాబితాలో వెతికించండి. బెల్టు బకిల్ మూడేళ్లవాడు విప్పగలిగితే మార్పించండి, పట్టీల కుట్లు లాగి చూడండి. బ్రేకు వేసి తోసినప్పుడు ఒక్క చక్రమైనా తిరిగిందంటే బాగు చేయించే వరకు పిల్లలను అందులో కూర్చోబెట్టవద్దు.