గడ్డికి క్యాలెండర్ తెల్వదు

పోస్టు కొంచెం పొడుగైతది. ఆదివారం సెలవు కాబట్టి రూముల తీరికగా ఉన్నోళ్ళు చదవండి. మాలీ పని చేసేటోళ్ళు, ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీల్లో ఉన్నోళ్ళు తప్పకుండా చదవండి. ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు అయితే రెండుసార్లు చదవండి. ఎందుకంటే ఇందులో మనకు పడే మాటలే ఎక్కువ.

దుబాయ్, షార్జా, అబుదాబి విల్లా ప్రాజెక్టుల్లో నేను రోజూ వినే మాట ఒకటుంది. "అది షెడ్యూల్‌లో లేదు." లాన్ ఒక మూలకు ఎండిపోతున్నది అంటే, "నెక్స్ట్ విజిట్ 28 తారీఖు." పురుగు కనబడ్డది అంటే, "స్ప్రే ఒకటో తారీఖు ఉన్నది కదా." ఈ మాట చెప్పేటోడు పని చేస్తున్నట్టు అనుకుంటడు. కానీ వాడు చేసేది పని కాదు, పని తప్పించుకునుడు. ఈ మాట మీదనే నా కొట్లాట.

షెడ్యూల్ వద్దని నేను అంటలేను. నెలకోసారి ఎరువు, టైముకు మందు, వారానికోసారి కటింగ్, ఇవి కాగితం మీద ఉండాల్సిందే. లేకపోతే ఎరువు బస్తా స్టోరులోనే గడ్డ కడుతది. నేను చెప్పేది వేరే. ట్రీట్‌మెంట్ రోజు లాన్ బతకదు, చావదు. ఒక ట్రీట్‌మెంట్‌కు ఇంకో ట్రీట్‌మెంట్‌కు నడుమ ఉన్న రోజుల్లోనే బతుకుతది, ఆ రోజుల్లోనే చస్తది.

సైట్‌లో పని చేసేటోళ్ళకు ఇది చెప్పాల్సిన అవసరం లేదు. స్లాబ్ పోసుడు ఒక్క రోజు పని. ఆ తర్వాత క్యూరింగ్ చెయ్యకపోతే ఏమైతదో మనకు ఎరుకే. ఏడు రోజులు గోనెపట్ట తడి ఆరకుండా చూసేటోడు లేకపోతే ఎంత మంచి మిక్స్ అయినా నెర్రెలు బాస్తది. "పోసిన రోజు అంతా బాగానే ఉండె సార్" అంటే కన్సల్టెంట్ ఒప్పుకుంటడా? ఒప్పుకోడు. మరి కాంక్రీటుకు ఉన్న తెలివి గడ్డి దగ్గరికి వచ్చేసరికి ఎటు పోతది?

నడుమ రోజుల్లో ఏం జరుగుతదో ఒక్కొక్కటి చెప్తా.

మొదటిది నీళ్ళు. ఇక్కడ చాలా లాన్లకు వచ్చేది టీఎస్ఈ నీళ్ళు, అంటే డ్రైనేజీ నీళ్ళను శుభ్రం చేసి పంపేవి. వాటిలో ఉప్పు ఉంటది, సన్న మడ్డి ఉంటది. ఫిల్టర్ కడగకపోతే స్ప్రింక్లర్ నాజిల్ మూసుకుంటది. జులైలో 45 డిగ్రీల ఎండలో ఒక్క నాజిల్ బంద్ అయితే రెండు మూడు రోజులకే ఆ మేర గడ్డి మాడుతది. అది ముందే చెప్పి చస్తది కూడా. మొదట పచ్చదనం పోయి బూడిద కలిసిన నీలం రంగుకు తిరుగుతది. కాలు పెట్టి తీస్తే అడుగు గుర్తు లేవకుండా అట్లనే ఉంటది. ఆ రోజు నాజిల్ ఇప్పి కడిగితే ఐదు నిమిషాల పని. 28 దాకా ఆగితే అది గడ్డి తవ్వి మళ్ళీ పరిచే పని.

రెండోది పురుగు. లద్దె పురుగు. రెక్కల పురుగు రాత్రి గుడ్లు పెడితే కొద్ది రోజుల్లోనే పిల్లలు బయటపడతయ్. రెండు మూడు వారాలు తింటయ్. మొదట్లో తిన్నది కంటికి కనబడదు. చివరి నాలుగైదు రోజుల్లోనే మేసేదంతా మేస్తయ్. అప్పుడు "రాత్రికి రాత్రి గడ్డి పోయింది" అని అందరూ నోరు తెరుస్తరు. రాత్రికి రాత్రి పోలేదు, మీరు చూసింది ఆ రాత్రి. తిన్నంక అవి మట్టిలకు పోయి ప్యూపా అయితయ్. ఇప్పుడు లెక్క చూడండి. ఒకటో తారీఖు స్ప్రే చేసిన్రు. మందు పవర్ తగ్గినంక పదో తారీఖు గుడ్లు పడ్డయ్. నెల ఆఖరికి గడ్డి అయిపోయింది, పురుగు మట్టిలకు పోయింది. మళ్ళీ ఒకటో తారీఖు ట్యాంకు భుజాన వేసుకొని వచ్చిన్రు. ఎవనికి కొడుతున్నరు మందు? షెడ్యూల్ ప్రకారం పని జరిగింది, పురుగు కూడా తన షెడ్యూల్ ప్రకారమే తిని పోయింది.

మూడోది బూజు తెగులు. ఆగస్టు, సెప్టెంబర్‌లో సముద్రం దిక్కు ఉక్క ఎట్లుంటదో మీకు తెలుసు. రాత్రంతా ఆకు తడిగా ఉంటది. దానికి తోడు టైమర్ సాయంత్రానికి పెట్టి ఉంటే ఇంక చెప్పనక్కరలేదు, గుండ్రంగా మచ్చలు మచ్చలుగా కుళ్ళుతది. ఇక్కడ అసలు మాట వినండి. ఆ మచ్చలు చూడకుండా, షెడ్యూల్‌లో ఉన్నది కదా అని ఆ వారమే యూరియా లాంటి నత్రజని ఎరువు చల్లితే తెగులు ఇంకా ఎక్కువైతది. అంటే చూసే కన్ను లేకపోతే షెడ్యూల్ పని కూడా నష్టమే చేస్తది. టైమర్‌ను తెల్లవారుజాముకు మార్చుడు, ఎరువు వారం ఆపుడు, ఈ రెండిటికి ఒక్క దిర్హం ఖర్చు లేదు. కానీ చెప్పేటోడు కావాలి, వినేటోడు కావాలి.

నాలుగోది మిషన్ బ్లేడు. కటింగ్ అయిన మర్నాడు గడ్డి కొసలు తెల్లగా, చినిగిన గుడ్డ తీరు కనబడితే బ్లేడు మొద్దుబారిందని అర్థం. దానికి ఎరువు తక్కువైందని ఇంకింత ఎరువు వేసే మహానుభావులను చూసిన నేను.

ఇదంతా పెద్ద చదువు కాదు. నేను చదివింది పదో తరగతే. మన నాయిన ఏ షెడ్యూల్ చూసి ఎవుసం చేసిండు? పొద్దుగాల లేవంగనే చేను దిక్కు ఒక తిరుగుడు తిరిగొచ్చేటోడు. ఆకు మీద చిల్లు కనబడితే వంగి చూసేటోడు. 2018లో కత్తెర పురుగు కర్ణాటకలో మొదట కనబడి, ఆ సంవత్సరమే మన మక్క చేండ్లకు వచ్చింది. సుడిలో దూరి తినే దాన్ని ఎవరు పట్టుకున్నరు? తారీఖు చూసినోడు కాదు, రోజూ సుడి ఇప్పి చూసినోడు. ఆ పురుగు గూడ లద్దె పురుగు జాతిదే, గడ్డి మీద కూడా పడతది. ఇక్కడ బర్ముడా అని పెద్ద పేరు పెట్టి పరిచేది మన గరికనే. గరికను చూసి అది దప్పికతో ఉన్నదా, రోగంతో ఉన్నదా చెప్పగలిగే కన్ను మన పిల్లలకు ఊర్లనే వచ్చింది. కంపెనీలు మన చేతులకు జీతం ఇస్తున్నయ్, ఆ కన్నును మాత్రం వద్దంటున్నయ్.

వద్దంటే ఏమైతదో ఒకటి చెప్తా. కంపెనీ పేరు చెప్పను. రెండేండ్ల కింద మేము హ్యాండోవర్ ఇచ్చిన ఒక కంపౌండ్ డీఎల్‌పీలో ఉండె. లాన్ మెయింటెనెన్స్ సబ్-కాంట్రాక్టర్‌ది. అందులో ధర్మపురి దిక్కు తమ్ముడొకడు మాలీ. ఒకరోజు పొద్దున లాన్ మీద గోరింకలు గుంపుగా దిగి ఒకే జాగల పొడుస్తుంటే చూసిండు. పిట్టలు ఉత్తగనే దిగవు కదా. వంగి చూస్తే సన్న పురుగు. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టిండు. ఫోర్‌మన్ జవాబు, "స్ప్రే నెక్స్ట్ వీక్. ఖల్లివల్లి." వారం తిరిగేసరికి మూడు విల్లాల ముందట లాన్ గోధుమ రంగుకు వచ్చింది. ఓనర్లు మెయిల్ పెట్టిన్రు. అప్పుడు కంపెనీ ఏం చేసింది? "మాలీ నిర్లక్ష్యం" అని రాసి ఆ పిల్లగాని జీతంల కోత పెట్టింది.

కాపాడింది ఆ ఫోటోనే. తారీఖు ఉన్నది, టైము ఉన్నది, ఫోర్‌మన్ జవాబు కూడా కిందనే ఉన్నది. అది పట్టుకొని నేను, మా ఇంజినీర్ ఆఫీసుకు పోయి కూర్చుంటే కోత ఆగింది. ఫోటో లేకపోతే? తొమ్మిది వందల దిర్హమ్‌ల జీతగాని మాట ఎవరు వింటరు అన్నా? లాన్ సంగతి అంటే ఏదో షోకు సంగతి అనుకోకండి. అది పాడైతే చివరికి బిల్లు వచ్చేది అందరికంటే చిన్న జీతగానికి.

ఇప్పుడు మనోళ్ళ మాటలకు వస్తా.

"మనకెందుకే? చెప్తే మనకే పని పెరుగుతది." పెరగదు. నాజిల్ కడిగే పని చెప్పకపోతే, పాత గడ్డి తవ్వి, మట్టి ఎత్తి, కొత్త రోల్స్ మోసే పని వస్తది. అది మోసేది ఎవరు? ఫోర్‌మనా? మనమే.

"లాభం కంపెనీకి, మనకేమొస్తది?" ఈ మాటలో నిజం ఉన్నది. అందుకే ఉత్తగ చెయ్యమని నేను అనను. డ్యూటీ టైముల చూసుడు డ్యూటీనే. డ్యూటీ అయినంక పిలిస్తే ఓటీ రాయించుకోవాలి. ఇక్కడి చట్టంలో ఓటీకి బేసిక్ గంట మీద 25 శాతం ఎక్కువ, రాత్రి 10 నుంచి పొద్దున 4 నడుమ అయితే 50 శాతం ఎక్కువ ఇవ్వాలి. షిఫ్టు డ్యూటీ లెక్క వేరే. మనిషిని పిలిచి గంటలు రాయని కంపెనీకి "రెస్పాన్స్ టీమ్" అని వ్యాన్ మీద రాసుకునే హక్కు లేదు.

"ఎడారిలో గడ్డి ఎందుకు, నీళ్ళు దండుగ." ఈ మాట కూడా కొట్టిపారెయ్యను. నన్నడిగితే సగం లాన్లు తీసేసి వేప, గాఫ్ చెట్లు పెట్టమంటా. కానీ పరిచిన గడ్డి పరిచినట్టే ఉన్నది కదా. అది చచ్చిపోతే కొత్తది పరుస్తరు, కొత్తది వేరు పట్టేదాకా రోజుకు ఎన్నోసార్లు నీళ్ళు పెట్టాల్సిందే. నీళ్ళ మీద నిజంగా ప్రేమ ఉంటే ఉన్నదాన్ని చావనియ్యొద్దు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. నడుమ రోజుల్లో చూడమంటే మధ్యాహ్నం ఎండల ఉరికించమని కాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12:30 నుంచి 3 గంటల వరకు బయట ఎండల పని బంద్ అని చట్టమే ఉన్నది. గడ్డి మాడుతున్నదని మనిషిని మాడ్చే సూపర్‌వైజర్ నా దోస్తు అయినా సరే, వానికి నేను అడ్డం నిలబడతా. గడ్డిని చూసే టైము పొద్దుగాలనే. సమస్య కనబడేది గూడ అప్పుడే.

మాలీ తమ్ముళ్ళకు నాలుగు మాటలు. పొద్దున డ్యూటీ ఎక్కంగనే పది నిమిషాలు లాన్ అంతా నడువు, ఫోను చూడకుండా. పురుగు అనుమానం ఉంటే నాలుగైదు లీటర్ల నీళ్ళల్లో రెండు చెంచాల గిన్నెలు తోమే సబ్బు కలిపి ఒక మీటరు జాగల పొయ్యి. లోపల ఉంటే కొద్ది నిమిషాల్లో పైకి వస్తయ్. ఏది కనబడినా ఫోటో, విల్లా నంబరుతో గ్రూపులో పెట్టు. నోటితో చెప్పింది గాలికి పోతది. పురుగుమందు మాత్రం సొంతంగా కలపకు. అది పర్మిట్, మాస్క్ ఉన్నోని పని. ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా చదివించుకోకుండా పెట్టకు.

సూపర్‌వైజర్ అన్నలకు రెండే మాటలు. మాలీ ఫోటో పెడితే ఒక్క రోజులో జవాబియ్యి, పని చేపిస్తవా లేదా అని. కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు షెడ్యూల్ విజిట్లతో పాటు నడుమ పిలుపులకు కూడా గంటలు, రేటు రాయించు. రాయించకపోతే ఆ పని జరగదు, జరిగితే ఎవడో ఒక పేదోడు ఉత్తగ చేస్తడు. రెండూ అన్యాయమే.

చేతులు కాలినంక ఆకులు పట్టుకునే కంపెనీలు చాలా ఉన్నయ్. కానీ కాలేది వాళ్ళ చేతులు కాదు, మనయి. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నా. "షెడ్యూల్‌లో లేదు" అని ఎవడన్నా అంటే, "గడ్డికి నీ షెడ్యూల్ తెల్వదు సార్, ఇగో ఫోటో" అని చెప్పండి.

మీ కంపెనీలో ఇట్లాంటి కోతలు ఏమన్నా జరిగితే, కంపెనీ పేరు లేకుండా కింద రాయండి. మీ క్యాంపుల మాలీ తమ్ముళ్ళుంటే, చదువు రానోళ్ళకు చదివి వినిపించండి. అందరికీ ఉంటా మరి.