ఏఐ గొంతు బాగానే ఉంది.. కానీ అసలు పాడిందెవరు?

రీల్స్ చూస్తుంటే ఈ మధ్య విడుదలైన పాట ఒకటి బాలు గారి గొంతులో వినిపిస్తుంది. ఒక్క క్షణం ఒళ్లు జలదరిస్తుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబర్ 25న మనల్ని వదిలి వెళ్లిపోయారు. మరి ఈ పాట పాడిందెవరు? షేర్ బటన్ నొక్కే ముందు మనం అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇది ఎలా పనిచేస్తుంది?

"ఏఐ పాడేసింది" అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇలాంటి కవర్లలో ఎక్కువగా వాడేది వాయిస్ కన్వర్షన్. ముందు పాత పాటల్లోంచి మ్యూజిక్ తీసేసి గొంతు మాత్రమే వేరు చేస్తారు. ఆ ఆడియోతో మోడల్‌ని ట్రైన్ చేస్తారు. తర్వాత ఇంకొకరు పాడిన పాట ఇస్తే, రాగం, టైమింగ్ దాదాపు అలాగే ఉంచి గొంతు మాత్రం మార్చేస్తుంది. ఆర్‌వీసీ లాంటి ఓపెన్ సోర్స్ టూల్ ఉంటే గేమింగ్ పీసీ మీదే పని అయిపోతుంది. అంటే ఆ గొంతు వెనకాల ఒక మనిషి పాడాడు. అతని పేరే ఎక్కడా కనిపించదు!

టెక్నాలజీ ఒకటే, దారులు రెండు

2024 జనవరిలో తమిళ సినిమా 'లాల్ సలామ్' పాట కోసం ఏఆర్ రెహమాన్, చనిపోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఏఐతో వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం కూడా ఇచ్చామని ఆయనే చెప్పారు. ఇక మన 'కీడా కోలా' విషయంలో, అనుమతి లేకుండా తన తండ్రి గొంతును ఏఐతో సృష్టించారంటూ ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది జూలైలో అరిజిత్ సింగ్ గొంతును కాపీ చేస్తున్న కొన్ని ఏఐ ప్లాట్‌ఫామ్‌లను అడ్డుకుంటూ బాంబే హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది.

అలాగని ఏఐని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. బీటిల్స్ పాట 'నౌ అండ్ దెన్' చూడండి. పాత క్యాసెట్‌లో పియానో శబ్దంతో కలిసిపోయిన జాన్ లెనన్ గొంతును మెషిన్ లెర్నింగ్‌తో వేరు చేసి 2023 నవంబర్‌లో విడుదల చేశారు. 2025లో దానికి గ్రామీ వచ్చింది. అక్కడ ఏఐ కొత్త గొంతు పుట్టించలేదు, ఉన్న గొంతునే శుభ్రం చేసింది.

నా మాట

"సరదాకి చేస్తే తప్పేంటి బ్రో?" అనొచ్చు. ఇంట్లో ప్రయోగం చేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ సినిమాలో వాడితే, డబ్బు సంపాదిస్తే మాత్రం అనుమతి, పారితోషికం, 'ఇది ఏఐ గొంతు' అనే లేబుల్ తప్పనిసరిగా ఉండాలి. నాలుగోది ఎవరూ మాట్లాడనిది: కింద పాడిన వాళ్ల పేరు. మన ఇండస్ట్రీలో పెద్ద సింగర్ కోసం ట్రాక్ పాడటం కొత్తవాళ్లకు ఒక మెట్టు. ఆ ట్రాక్ నచ్చి అదే ఉంచేసిన సందర్భాలూ ఉన్నాయి. దాని మీద ఎప్పుడూ పాత గొంతే తొడిగితే రేపటి బాలు ఎక్కడి నుంచి వస్తాడు?

కాబట్టి ఈసారి మోడల్ ట్రైన్ చేయాలనిపిస్తే మీ గొంతుతోనే మొదలుపెట్టండి. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.