నదిలోని అమానత్



తొలకరి తర్వాత బాసర వద్ద గోదావరి రంగు మారుతుంది. ఎర్రని కొత్తనీరు రాగానే గుడ్లు నిండిన చేపలు ప్రవాహానికి ఎదురీదడం మొదలుపెడతాయి. ఒక విద్యార్థి నన్నడిగాడు: “ఉస్తాద్, చేప హలాలే కదా. మరి ఈ రోజుల్లో గుడ్ల చేపను పట్టకూడదని వల వేసే పెద్దలు ఎందుకంటారు?”

ఆ పెద్దల మాటలో తరాల అనుభవముంది. హలాల్ అయినదాన్ని కూడా హద్దు మీరి వాడుకోవడం మనకు తగదు. ఈ హద్దు ఎక్కడుందో తెలియాలంటే నది స్థితిని చూడాలి.

బాసర రెండు అడ్డుకట్టల నడుమ ఉంది. దిగువన పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఎగువన నాందేడ్ జిల్లాలో బాబ్లీ ఉంది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరిచి ఉండాలి. శ్రీరాంసాగర్ నీటితో కరీంనగర్ పొలాలు పండుతున్నాయి. ఆ మేలును ఎవరూ కాదనలేరు. అయితే అంతెత్తు గోడను చేప ఎక్కలేదు. దిగువ నుండి వచ్చిన చేపలు దాని పాదం వద్దనే గుమిగూడతాయి. అక్కడ వాటికోసం వలలూ, నీటికాకులూ, పెద్ద చేపలూ కాచుకొని ఉంటాయి. ఎగువన ఎండాకాలంలో నీరు తగ్గి మడుగులు మిగిలితే, అందులో చిక్కిన పిల్లచేపలకు దాగే చోటుండదు.

వాలుగ ఇతర చేపలను తింటుంది. అది ఈ నదిదే. దానికి తగినట్లు మిగిలిన చేపలు బ్రతకడం నేర్చుకున్నాయి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అలా కాదు. గాలి పీల్చి, తడినేలపై పాకి, దొరికినదల్లా మింగుతుంది. దాని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా త్వరత్వరగా పిల్లలను పెట్టి చోటంతా ఆక్రమిస్తుంది. మన రాష్ట్ర చేప కొర్రమీను తన పిల్లలను దగ్గరుండి కాపాడుకుంటుంది. అయినా ఇలాంటి పోటీలో ఆ కాపలా ఎంతవరకు నిలుస్తుంది?

దీన్ని తెలుసుకొనే విధానం కఠినమేమీ కాదు, ఓర్పు కావాలి. ఒకే చోట, ఒకే వలతో, ప్రతి నెలా పట్టి, జాతులవారీగా లెక్కించాలి. వేటాడే చేపల కడుపులో ఏముందో చూడాలి. పొలుసుల మీది వలయాలను బట్టి వయస్సు గుర్తించాలి. కేవలం వల బరువు చూస్తే మోసపోతాము. 2016 నుండి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను జలాశయాలలో వదులుతోంది. వాటిలో రవ్వ గంగానది పరీవాహకం నుండి దక్షిణానికి వచ్చినది, బంగారుతీగ విదేశాలది. అవి జాలరి ఇంటికి అన్నం పెడుతున్నాయి, సంతోషమే. కాని వల బరువెక్కినంత మాత్రాన ఈ నదిలో పుట్టిన జాతులు క్షేమమని అర్థం కాదు.

ఈ చింత కొత్తది కాదు. ఫ్రాన్సిస్ డే అనే వైద్యాధికారి 1873లోనే భారతదేశపు మంచినీటి చేపలపై నివేదిక వ్రాసి, ఆనకట్టల వల్ల కలిగే నష్టాన్ని చర్చించాడు. 1897 నాటి మత్స్య చట్టం పేలుడు పదార్థాలతోనూ విషంతోనూ చేపలను చంపడాన్ని నేరంగా ప్రకటించింది.

అల్లాహ్ సృష్టికి ఒక తూకాన్ని ఏర్పరచాడని అర్రహ్మాన్ సూరా మనకు గుర్తు చేస్తుంది. ఆ తూకాన్ని మన వంటింటి నుండే కాపాడవచ్చు. నిషేధిత క్యాట్‌ఫిష్‌ను కొనకండి. కొత్తనీటి రోజుల్లో గుడ్ల చేప అడగకండి; కొనేవాడు లేకుంటే పట్టేవాడూ ఆగుతాడు. ఇంట్లో పెంచిన విదేశీ చేపలను దయతలచి నదిలో వదలకండి. అది నదికి దయ కాదు.

ఆ విద్యార్థికి నేనన్నది ఇంతే: “బాబూ, చేప హలాలే. రేపు నీ పిల్లలకు కూడా అది దొరకాలి కదా.”