పిలవని పేరంటం

"నువ్వే ఏదో నొక్కుంటావు!" ఇంట్లో కంప్యూటర్‌కి తెగులు పట్టినప్పుడల్లా ఆడవాళ్ళ మీద పడే నింద ఇదే. ఒప్పుకోకండి వదినగారూ!

పాటల కోసమో, ఫారం నింపడానికో ఓ ప్రోగ్రాం దింపుకుంటాం. కూరలవాడు అడిగితే గానీ నాలుగు రెబ్బల కరివేపాకు కొసరు వెయ్యడు. ఇక్కడ అడక్కుండానే బుట్టెడు చెత్త! "ఇదీ కావాలి" అని మన తరఫున ముందే టిక్కు పెట్టి ఉంచుతారు. ఆపైన బ్రౌజర్ మొదటి పేజీ మారిపోతుంది, వెతికేదొకటి, వచ్చేదొకటి. టిక్కు వాళ్ళది, తిట్లు మనకా?

ఒకప్పుడు జావా వెంట ఆస్క్ టూల్‌బార్ ఇలాగే దిగేది. 2014లో లెనోవో కొన్ని కొత్త లాప్‌టాప్‌లలోనే సూపర్‌ఫిష్ పెట్టి అమ్మింది. ప్రకటనలు చొప్పించడానికి అది బ్యాంకు పేజీల భద్రతకే గండి కొట్టింది. 2015లో గుట్టు రట్టయింది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కంపెనీ రాజీకొచ్చింది. అక్కడ ఏ ఇల్లాలు ఏం నొక్కిందట?

సరే, గెంటడం మన చేతుల్లోనే ఉంది. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాని తేదీల వరసన చూడండి. తెగులు పట్టిన రోజు దిగిన కొత్త మొహాన్ని, అదెవరో కనుక్కుని మరీ, అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. బ్రౌజర్‌లో మీరు పెట్టని ఎక్స్‌టెన్షన్లు తీసెయ్యండి. సెర్చ్ ఇంజన్, హోంపేజీ మళ్ళీ మీకు కావలసినవి పెట్టుకోండి. "మీకు వైరస్ పట్టింది, ఇక్కడ నొక్కండి" అని అరిచే ప్రకటనని మాత్రం నమ్మకండి.

కంపెనీలవారికి ఒక్కటే మాట. ఆ గడి ఖాళీగా ఉంచండి బాబూ! టిక్కు మేమే పెట్టుకుంటే, అప్పుడు తప్పు మాదనండి. పడతాం.