సస్పెన్షన్ సరే... విచారణ ఏదీ?

జిల్లా పేజీలో ఈ వార్త మీరు చూసే ఉంటారు. ప్రభుత్వాసుపత్రిలో రోగి మృతి, బంధువుల ఆందోళన, ఇద్దరు జూనియర్ డాక్టర్ల సస్పెన్షన్. చదివి ‘తగిన శాస్తే జరిగింది’ అంటారు కొందరు. ‘పాపం, చదువుకునే పిల్లలు’ అంటారు మరికొందరు. రెండు రోజులకు అందరం మరిచిపోతాం. ఆ మరణానికి అసలు కారణమేమిటి? ఆ ఇద్దరి తప్పెంత, పైవాళ్ల బాధ్యతెంత? ఈ సంగతులు చెప్పే రెండో వార్త ఎప్పుడో గానీ రాదు. రోగి కుటుంబానికైనా, డాక్టరు కుటుంబానికైనా ముఖ్యమైనది ఆ రెండో వార్తేనని ప్రభుత్వ వైద్యుడిగా నా అభిప్రాయం.

ముందు వరుసలో ఎవరుంటారు?

కర్నూలు సర్వజన వైద్యశాలకు ఆదోని, ఆత్మకూరు, నంద్యాల నుంచే కాక తుంగభద్ర అవతల గద్వాల నుంచి, కర్ణాటకలోని రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. కడప రిమ్స్‌కు ప్రొద్దుటూరు, రాయచోటి, పులివెందుల నుంచి వస్తారు. పాముకాటు, పురుగుల మందు తాగిన కేసు, ఎండదెబ్బ, కష్టమైన కాన్పు... అర్ధరాత్రి ఏది వచ్చినా చాలాసార్లు మొదట నాడి పట్టుకునేది హౌస్‌సర్జనో, పీజీనో. ఎంబీబీఎస్ ముగించి, ఎండీ, ఎంఎస్ చదువుతూ వార్డుల్లో పనిచేసే ఈ పీజీలనే రెసిడెంట్లు అంటాం.

వీళ్ల పనిగంటలకు లెక్క లేదనుకోకండి. కాగితం మీద ఉంది. ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే రెసిడెన్సీ పథకంలో చెప్పింది. ఏడాదికి కనీసం 20 రోజుల సెలవు, వారానికో విశ్రాంతి రోజు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2023 నాటి పీజీ నిబంధనల్లో రాసింది. 30 గంటలు వరుసగా డ్యూటీ చేసిన పీజీ ఎక్కడైనా కనిపిస్తే, ఈ రెండు కాగితాలూ గుర్తు చేసుకోండి.

రెంటికీ చెడ్డ రేవడి

క్రమశిక్షణ చర్య వచ్చినప్పుడు రెసిడెంట్ పరిస్థితి విచిత్రంగా ఉంటుంది. డ్యూటీ దగ్గర ఉద్యోగి, హక్కుల దగ్గర విద్యార్థి. రెగ్యులర్ ప్రభుత్వ వైద్యుడి మీద పెద్ద శిక్షకు దారితీసే చర్య తీసుకోవాలంటే 1991 నాటి ఏపీ సివిల్ సర్వీసెస్ సీసీఏ నిబంధనలు పాటించాలి. అభియోగాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, జవాబుకు గడువు ఇవ్వాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి, సాయంగా తోటి ఉద్యోగిని తెచ్చుకోనివ్వాలి. సర్వీసులో ఉంటూ పీజీకి వచ్చిన వాళ్లకు ఈ రక్షణ ఉంటుంది. నీట్ రాసి నేరుగా చేరిన పిల్లలకు ఆ గొడుగు లేదు. ఇద్దరూ ఒకే వార్డులో, ఒకే రాత్రి, ఒకే రోగిని చూసి ఉండొచ్చు.

అలాగని విద్యార్థిని ఎలాగైనా శిక్షించవచ్చని చట్టం అనలేదు. పరీక్షల్లో అక్రమాల పేరుతో ఉత్తరప్రదేశ్ బోర్డు కొందరు విద్యార్థుల ఫలితాలు రద్దు చేసినప్పుడు, వాళ్ల వాదన వినాల్సిందేనని సుప్రీంకోర్టు 1962లో తేల్చింది. అయితే అది కోర్టులో సాగినట్టే సాగాలనేమీ లేదు. రాంచీలోని రాజేంద్ర మెడికల్ కాలేజీలో కొందరు విద్యార్థులు రాత్రివేళ అమ్మాయిల హాస్టల్ ఆవరణలోకి చొరబడ్డారు. కమిటీ అమ్మాయిల వాంగ్మూలాలు విడిగా తీసుకుంది. అభియోగాలేమిటో అబ్బాయిలకు చెప్పి జవాబు తీసుకుంది. ఆ తర్వాతే బహిష్కరణ జరిగింది. 1973లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. ఫిర్యాదు చేసినవాళ్లకు భయం లేకుండా, ఆరోపణ ఎదుర్కొన్నవాళ్లకు అన్యాయం జరగకుండా విచారణ చేయవచ్చని ఆ కేసు రుజువు చేసింది.

ఆ పద్ధతి తప్పితే ఏమవుతుందో వరంగల్ చూపించింది. 2023 ఫిబ్రవరిలో కాకతీయ మెడికల్ కాలేజీ అనస్థీషియా మొదటి ఏడాది పీజీ విద్యార్థిని ఎంజీఎం ఆస్పత్రిలో అపస్మారక స్థితిలో కనిపించింది. నాలుగు రోజుల తర్వాత హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూసింది. వేధించాడన్న ఆరోపణపై ఒక సీనియర్ పీజీని పోలీసులు అరెస్టు చేశారు. కాలేజీ ర్యాగింగ్ నిరోధక కమిటీ ఏడాది పాటు సస్పెండ్ చేసింది. తన వాదన వినలేదంటూ అతను హైకోర్టుకెళ్లాడు. కోర్టు జోక్యంతో కమిటీ మళ్లీ కూర్చుంది, అతని మాట విని, సస్పెన్షన్ సబబేనంది. మొదటిరోజే వినివుంటే? కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులకు ఆ కోర్టు వాయిదాల క్షోభైనా తప్పేది. సరైన పద్ధతి నిందితుడికి మాత్రమే పనికొస్తుందనుకోవడం పొరపాటు. శిక్ష నిలబడాలన్నా అదే దిక్కు.

మీకెందుకీ సంగతి?

మీరు రోగి బంధువైతే ఇది మీ సంగతే. 2025 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ మెడికల్ కాలేజీలో సిజేరియన్ తర్వాత ఒక బాలింత చనిపోయింది. ప్రభుత్వం 12 మంది వైద్యుల్ని సస్పెండ్ చేసింది. అందులో ఆరుగురు పీజీలు. ఆపరేషన్ల సమయంలో సీనియర్లు లేరన్న ఆరోపణ ఒకవైపు, ఎక్కించిన సెలైన్ నాణ్యతపై అనుమానాలు మరోవైపు. మరుసటి నెలలో జూనియర్ల సస్పెన్షన్ ఎత్తేస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. వేటు వేయడానికి, ఎత్తేయడానికి పట్టినంత తొందర కారణం తేల్చడంలోనూ ఉండాలి కదా! సీనియర్ రాకపోవడం కారణమైతే డ్యూటీ చార్టు మారాలి. మందు కారణమైతే ఆ బ్యాచ్ ఆగాలి. పీజీ నిర్లక్ష్యమే కారణమైతే శిక్ష పడాలి. ఏదీ తేలకుండా పేర్లు మాత్రం బయటికొస్తే, రేపు అదే బల్ల మీద మరో తల్లి ఉంటుంది.

ఇంకో నష్టమూ ఉంది. ఏ కేసు మెడకు చుట్టుకుంటుందోనని భయపడే డాక్టరు ప్రమాదకరమైన రోగిని ముట్టుకోడు. ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని చీటీ రాస్తాడు. ఆదోని నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి హైదరాబాద్‌కు అంబులెన్సులో గడిచే గంటల విలువ మీకు తెలుసు.

మీ బిడ్డకు మెమో వస్తే

మన ఇళ్లలో పిల్లలు మెడిసిన్ చదవాలని అప్పులు చేస్తాం, పొలం అమ్ముతాం. మెమో వస్తే ఏం చేయాలో మాత్రం ఎవరం నేర్పం. నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

మొదటిది, ఎవరో రాసిచ్చిన క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టకూడదు. ఫిర్యాదు నకలు, అభియోగాల వివరాలు, జవాబుకు గడువు రాతపూర్వకంగా అడగాలి. రెండోది, కేస్‌షీట్‌లో ఒక్క అక్షరం కూడా తర్వాత దిద్దకూడదు. ఆ రోజు డ్యూటీ చార్టు, సీనియర్‌కు ఫోన్ చేసిన సమయాలు భద్రపరచుకోవాలి. తన ఫైలులోని కాగితాలను సమాచార హక్కు చట్టం కింద కూడా కోరవచ్చు. మూడోది, వాట్సాప్ గ్రూపుల్లో వాదనకు దిగకూడదు.

నాలుగోది న్యాయసాయం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. హైకోర్టుదాకా వెళ్లాలంటే మన సీమ నుంచి అమరావతికి ప్రయాణం, లాయరు ఫీజు. స్టైపెండ్ మీద బతికే పిల్లకు అది మోయలేని బరువు. అందుకే ఈ సాయం గురించి ముందే తెలిసి ఉండాలి.

పోలీసు కేసు వేరే దారి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన వైద్యుడికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే నిష్పక్షపాతమైన వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా ముందుకెళ్లొద్దని, ఆరోపణ వచ్చిందన్న ఒక్క కారణంతో అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ కేసులో 2005లోనే చెప్పింది.

ఏం మారాలి?

వైద్య మండలి ముందు విచారణలో డాక్టరు లాయరును పెట్టుకోవచ్చు. ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. కాలేజీ కమిటీలకూ ఇలాంటి గడువు ఉండాలి. ఆ కమిటీలో అదే విభాగం పెద్దలు కాకుండా బయటి వైద్యుడు ఒకరు, చట్టం తెలిసినవారు ఒకరు కూర్చోవాలి. ప్రతి మెడికల్ కాలేజీలో రెసిడెంట్లకు సలహా చెప్పే లాయరు ఒకరు అందుబాటులో ఉండాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉండాల్సిన సీనియర్ పేరు విచారణ నివేదిక మొదటి పేజీలోనే కనిపించాలి. రోగి కుటుంబానికి ఆ నివేదిక అందాలి.

తప్పు చేసిన వైద్యుణ్ని వదిలేయమని ఇందులో ఎక్కడా లేదు. నిర్లక్ష్యం తేలితే శిక్ష పడాల్సిందే, అది జూనియరైనా ప్రొఫెసరైనా. మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి సస్పెన్షన్ వార్త చూసినప్పుడు, నెల తర్వాత మీ ఎమ్మెల్యేనో, ఆస్పత్రి అభివృద్ధి సంఘం సభ్యుణ్నో కలిసి అడగండి: ‘విచారణలో ఏం తేలింది సార్?’